గంట ఎక్కువున్న రాత్రి

ఏటా నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు వచ్చిందంటే నాకు టెక్సాస్‌లోని లబ్బాక్ ఊరు గుర్తొస్తుంది. 2008 నవంబర్ 1, శనివారం రాత్రి. ఆ రాత్రి మాకు ఒంటిగంట రెండుసార్లు అయింది. ఆ రెండు గంటలూ ఒకే బల్ల చుట్టూ, ఒకే వాదనలో గడిచాయి. ఆ సాయంత్రం చూసిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో ఆఖరి ఎనిమిది సెకన్లప్పుడు బంతి విసరాలా, తన్నాలా?

మాది పరకాల దగ్గర ఊరు. నాన్న పత్తి రైతు. టెక్సాస్ టెక్ యూనివర్సిటీలో ఎమ్మెస్‌కి సీటొచ్చిందని చెబితే లబ్బాక్ ఎక్కడుందో మా ఊళ్లో ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. దిగాక చూస్తే నాలుగు దిక్కులా పత్తే. కొండ లేదు, ఏరు లేదు, కనుచూపు ఆగే చోటు లేదు. గాలి లేస్తే ఎర్రదుమ్ము ఆకాశం కప్పేస్తుంది. డల్లాస్ నుంచి కారులో ఐదు గంటలు. ఇంత దూరం వచ్చి మళ్లీ పత్తి చేలల్లోనే పడ్డానా అని మొదటి వారం దిగులేసింది. తర్వాత ఆ చేలే నాకు మనుషుల్ని తెచ్చిపెట్టాయి.

క్యాంపస్ డైనింగ్ హాల్లో వారానికి ఇరవై గంటలు పనిచేసేవాణ్ణి. అక్కడ వంటింటికి పెద్ద ఒకావిడ, యాభై ఐదు దాటిన మనిషి. నేనూ నా రూమ్మేట్ తెనాలి అన్నా మాలో మేం ఆవిణ్ణి పెద్దమ్మ అనుకునేవాళ్లం. మా నాన్న పత్తి వేస్తాడని తెలిసిన రోజే ఆవిడ వాళ్లన్నయ్యకి ఫోన్ చేసి, "ఇక్కడ ఇండియా నుంచి వచ్చిన పత్తి రైతు కొడుకున్నాడు" అని చెప్పింది. ఆ ఆదివారం ఆ పెద్దాయన తన ట్రక్కులో వచ్చి నన్ను చేలకి తీసుకెళ్లాడు. మా ఇంట్లో అమ్మ, కూలీలు ఒడి కట్టుకుని ఒక్కొక్క కాయా ఏరేవాళ్లు. అక్కడ యంత్రం సాలు పొడవునా చెట్టునంతా దువ్వేస్తుంది. ఆ దూదిని లారీ అంత రొట్టెల్లా అదిమి చేను గట్టున వరసగా పెడతారు. పెద్దాయన ఒక కాయ తెంపి నా చేతిలో పెట్టి, మీ కాయ ఎంతుంటుందని అడిగాడు. వేలు మడిచి చూపించాను. ఆయన చాలాసేపు నా వేలి వంకే చూశాడు.

ఫుట్‌బాల్ నాకు నేర్పింది ఆయనే. ఈ ఫుట్‌బాల్‌లో కాలితో ఆడేది తక్కువ. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. ఇంతే మూలం. మిగతాదంతా ఆ పది గజాలు ఎలా సంపాదించాలన్న ఆలోచన. కొందరు కోచ్‌లు నేలమీద పరిగెత్తించి సంపాదిస్తారు. మా యూనివర్సిటీ జట్టు కోచ్ మైక్ లీచ్ బంతి విసిరించి, గాల్లో సంపాదించేవాడు.

లీచ్ సంగతి కొంచెం చెప్పాలి. ఆయన కాలేజీలో ఫుట్‌బాల్ ఆడలేదు. లా పట్టా పుచ్చుకున్నాడు. సముద్రపు దొంగల చరిత్రంటే ప్రాణం. హాల్ మమ్మీ అనే కోచ్‌తో కలిసి అయోవాలో, జార్జియాలో, కెంటకీలో పనిచేస్తూ ఇద్దరూ 'ఎయిర్ రెయిడ్' అనే ఆటతీరుని తయారుచేశారు. 2000లో లబ్బాక్ వచ్చాడు. మిగతా కోచ్‌ల దగ్గర ఎత్తుల పుస్తకం భారతమంత ఉంటే ఈయన దగ్గరున్నవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాటినే రోజూ, వందలసార్లు, చేతులు వాటంతటవే కదిలేదాకా చేయించేవాడు. అన్నమాచార్య కీర్తన పదే పదే సాధన చేయించే గురువులా అని తెనాలి అన్న అనేవాడు. వాళ్లమ్మగారు సంగీతం టీచరు.

ఆ ఏడు మా టెక్ జట్టు ఎనిమిదికి ఎనిమిదీ గెలిచింది. ఎదుట ఆస్టిన్ నుంచి వస్తున్న టెక్సాస్ యూనివర్సిటీ జట్టు లాంగ్‌హార్న్స్, వాళ్లూ ఎనిమిదికి ఎనిమిది, దేశంలో నంబర్ వన్. వారం ముందు నుంచే కుర్రాళ్లు స్టేడియం బయట గుడారాలు వేసుకుని పడుకున్నారు. ఈఎస్‌పీఎన్ వాళ్ల టీవీ షో 'గేమ్‌డే' ఊళ్లో దిగింది. క్యాంపస్‌లో గుర్రం మీదున్న పాతకాలపు నటుడు విల్ రోజర్స్ విగ్రహానికి ఎప్పటిలా ఎర్ర కాగితం చుట్టారు. నాలుగు రోజుల క్రితమే మా దీపావళి అయింది. గదిలో మిగిలిన అరిసెల డబ్బా ఒకటి ఉంటే, పెద్దమ్మ కుటుంబానికిద్దామని సంచిలో పెట్టుకున్నాను.

ఆట మొత్తం చెప్పను. చూసినవాళ్లకి ప్రతి బంతీ గుర్తే, చూడనివాళ్లకి ఎంత చెప్పినా తక్కువే. టెక్ మొదటే సేఫ్టీతో రెండు పాయింట్లు కొట్టింది, అంటే బంతి పట్టుకున్న టెక్సాస్ కుర్రాణ్ణి వాళ్ల గోలు గీత వెనకే పడేశారు. సగం ఆటకి 22-6. చార్బొనే అనేవాడు టెక్సాస్ విసిరిన బంతిని మధ్యలో లాక్కుని సరాసరి గోలు గీత దాటాడు. ఇక గెలిచాం అనుకున్నాం. అక్కణ్ణుంచి టెక్సాస్ లేచింది. ఒక్క పాస్‌కి 91 గజాలు. ఆట ముగియడానికి నిమిషం ఇరవై తొమ్మిది సెకన్లుందనగా 33-32తో వాళ్లు పైకొచ్చారు. స్టేడియంలో యాభై ఆరు వేల మందిమి. నా పక్కనున్న అమ్మాయి చేతిలో టోర్టియా ఉంది. ఆట మొదట్లో విసరాల్సిన రొట్టె అది, విసరడం మర్చిపోయింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి రెండు చేతుల మధ్య నలుపుతూ కూర్చుంది.

మా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, గ్రాహం హారెల్ చిన్న చిన్న పాస్‌లతో బంతిని మైదానం సగం దాటించాడు. ఒక పాస్ మావాడి చేతికి తగిలి పైకి లేచింది. టెక్సాస్ కుర్రాడొకడి చేతుల్లోకే వచ్చింది, వచ్చి జారి కింద పడింది. అది నిలిచి ఉంటే ఆట అక్కడే సరి. ఇంకా ఎనిమిది సెకన్లు. బంతి 28 గజాల గీత మీద. తంతే 45 గజాల తన్ను, పడితే మూడు పాయింట్లు, గెలుపు. హారెల్ విసిరాడు. కుడివైపు గీత వెంట మావాడు మైకేల్ క్రాబ్‌ట్రీ, అతనికి ఇద్దరు కాపలా. క్రాబ్‌ట్రీ ఆగి, తిరిగి, పట్టుకున్నాడు. ఒకడు లాగబోయాడు, చెయ్యి ఊడింది. ఇంకొకడు తప్పాడు. గీత అంచునే నడిచినట్టు లోపలికెళ్లిపోయాడు. గడియారంలో ఒక్క సెకను మిగిలింది. చివరికి 39-33.

ఒక్క సెకనుండగానే జనం మైదానంలోకి దూకారు. పెనాల్టీ పడినా ఎవరికీ పట్టలేదు. ఆ అమ్మాయి టోర్టియాని అప్పుడు విసిరింది.

స్టేడియం నుంచి నడిచి మేమెప్పుడూ వెళ్లే రాత్రంతా తెరిచుండే పాన్‌కేక్‌ల హోటల్‌కి చేరేసరికి పన్నెండు. అప్పట్లో లబ్బాక్ ఊళ్లో మందు దుకాణాలుండేవి కావు, సీసా కావాలంటే ఊరి పొలిమేర దాటి వెళ్లాలి. కాబట్టి గెలిచిన ఊరు ఊరంతా కాఫీ కప్పుల ముందు కూర్చుంది. మూలబల్ల దగ్గర పెద్దమ్మ, పెద్దాయన, వాళ్ల మేనల్లుడు ఉన్నారు. మేనల్లుడు హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్ ఆడాడు, ఇప్పుడు జిన్నింగ్ మిల్లులో పని. మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చారు. అరిసెల డబ్బా తీశాను. పెద్దాయన ఒకటి కొరికి, ఇది బెల్లమా అని అడిగి రెండోది తీసుకున్నాడు. తీసుకుని, అంత గెలుపు తర్వాత ఆయన అన్న మొదటి మాట ఇది.

"తన్నాల్సింది."

మేనల్లుడు చేతిలో ఫోర్క్ కింద పెట్టేశాడు. "మామయ్యా, గెలిచాం కదా!"

"గెలిచాం. తప్పుచేసి గెలిచాం. అంతకు ముందు బంతి వాడి చేతుల్లోంచి జారింది చూశావా? దేవుడొకసారి వదిలిపెట్టాడు. వెంటనే రెండోసారి అడగకూడదు."

అప్పుడు మొదలైంది. మేనల్లుడు బల్ల మీదున్నవన్నీ లాక్కున్నాడు. జామ్ డబ్బీలు ఐదు వరసగా పెట్టాడు, అది మా లైన్, క్వార్టర్‌బ్యాక్‌కి అడ్డంగా నిలబడే వరస. "అందరూ వీళ్లని భుజానికి భుజం ఆనించి నిలబెడతారు. లీచ్ ఇలా నిలబెడతాడు" అంటూ ఒక్కో డబ్బీకి మధ్య తన మూడు వేళ్లు పట్టేంత ఎడం చేశాడు. మైదానంలో అది మూడు నాలుగడుగులు. ఎందుకంత సందు అంటే, మీదికొచ్చే ఎదుటివాళ్లూ అంత దూరం విడిపోవాల్సిందే. అంచున నిలబడ్డవాడు క్వార్టర్‌బ్యాక్‌ని చేరాలంటే నాలుగడుగులు ఎక్కువ పరిగెత్తాలి. ఆ నాలుగడుగుల్లో బంతి చేతిలోంచి వెళ్లిపోతుంది. ఉప్పు డబ్బా హారెల్. పంచదార పొట్లాలు నాలుగు రిసీవర్లు, అంటే బంతి పట్టుకునేవాళ్లు. నాలుగింటినీ బల్ల ఈ చివర్నుంచి ఆ చివరికి నిటారుగా జరిపాడు. ఫోర్ వర్టికల్స్ అంటే అదే, నలుగురూ నిట్టనిలువు పరుగు. కానీ కళ్లు మూసుకుని పరిగెత్తడం కాదు. కాపలావాడు తనకంటే ముందుంటే రిసీవర్ ఆగి వెనక భుజం వైపు తిరగాలి. ఆ తిరుగుతాడన్న సంగతి క్వార్టర్‌బ్యాక్‌కి ముందే తెలియాలి. ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే ఖాళీని చూడాలి. "హారెల్ అంతా చూశాకే విసిరాడు. వందలసార్లు విసిరిన బంతి అది. ఒకవేళ కింద పడినా గడియారం ఆగుతుంది, అప్పుడు తన్నొచ్చు. రెండు అవకాశాలుండగా ఒకటెందుకు వదులుకోవాలి?" చివరి పంచదార పొట్లాన్ని బల్ల అంచుకి తెచ్చి ఆపి, చటుక్కున వెనక్కి తిప్పాడు. ఆ పొట్లం అంచు చిరిగి నాలుగు పలుకులు బల్ల మీద రాలాయి. పెద్దాయన వాటిని వేలితో అద్ది నోట్లో వేసుకున్నాడు.

"తన్నేవాడెవడో ఆలోచించండి సార్" అన్నాడు తెనాలి అన్న. ఆ మాట నిజమే. మాకు ఆ రాత్రి తన్నింది మ్యాట్ విలియమ్స్. సెప్టెంబర్‌లో అతను మామూలు విద్యార్థి, మాలాగే స్టాండ్స్‌లో కూర్చున్నవాడు. ఆట మధ్య విరామంలో ఇంటి అద్దె బహుమతి పోటీలో బంతి తంతే, అది చూసి లీచ్ జట్టులోకి పిలిచాడు. అక్టోబర్ ఆఖర్లో కాన్సస్ మీద తొమ్మిది తన్ని తొమ్మిదీ వేశాడు. కానీ అవి దగ్గరి తన్నులు. నంబర్ వన్ జట్టు మీద, 45 గజాల నుంచి, ఆఖరి సెకన్లలో ఆ పిల్లాడి కాలి మీద అంత బరువు పెట్టడమా? అన్న పేపర్ రుమాలు మీద అంకెలు వేశాడు. తన్నుకి ఇంత, పాస్‌కి ఇంత, పాస్ పోతే మళ్లీ తన్నుకి ఇంత. పెద్దాయన ఆ రుమాలు తీసుకుని శ్రద్ధగా చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "మంచి లెక్క. అయినా తన్నాల్సింది."

పెద్దమ్మ అప్పటిదాకా వింటూ ఉంది. "మీరంతా ఆఖరి బంతి గురించే మాట్లాడతారు. మొదటి రెండు పాయింట్లు ఎవరు తెచ్చారు? ఆ సేఫ్టీ, చార్బొనే లాక్కున్న బంతి, ఆ తొమ్మిది పాయింట్లు లేకపోతే క్రాబ్‌ట్రీ ఆకాశంలోకెగిరినా ఏం లాభం?" డిఫెన్స్ కోచ్ రఫిన్ మెక్‌నీల్ గురించి ఆవిడ బాధ. అంతకు ముందు ఏడు టెక్ ఓక్లహోమా స్టేట్ మీద 45 పాయింట్లు కొట్టి కూడా ఓడింది, వాళ్లు 49 కొట్టారు. ఆ తర్వాతే డిఫెన్స్ మెక్‌నీల్ చేతికొచ్చింది. ఏడాదిలో ఇంత మార్చిన మనిషి పేరు పేపర్లో ఎవరూ రాయరని ఆవిడ గట్టిగానే అంది. రోజూ రెండు వేల మందికి వండిపెట్టే మనిషి ఆవిడ. వంటింట్లో ఉన్నవాళ్లు కనబడరని ఆవిడకి తెలుసు. నాకు ఆ రాత్రి అందరికంటే ఆవిడ మాటే న్యాయంగా తోచింది, ఇప్పటికీ అంతే.

అప్పుడే వెయిట్రెస్ వచ్చి గోడ గడియారం ముల్లు రెండు నుంచి ఒకటికి తిప్పింది. హోటల్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకో కుండ కాఫీ వచ్చింది.

రెండో ఒంటిగంట రిక్రూటింగ్ మీద, అంటే జట్టుకి కుర్రాళ్లని తెచ్చుకోవడం మీద గడిచింది. ఇది పెద్దాయన రంగం. అప్పట్లో ప్రతి ఫిబ్రవరిలో సైనింగ్ డే నాడు హైస్కూల్ కుర్రాళ్లు ఏ కాలేజీకి ఆడతారో సంతకం పెట్టేవారు. ఒక్కో కుర్రాడికి నిపుణులు చుక్కలు వేస్తారు, రెండు, మూడు, ఐదు. టెక్సాస్ రాష్ట్రంలో ఐదు చుక్కల పిల్లాడు ఆస్టిన్‌కి పోయేవాడు, లేదా నార్మన్‌లోని ఓక్లహోమా యూనివర్సిటీకి పోయేవాడు. ఆస్టిన్‌లో అప్పటి కోచ్ మ్యాక్ బ్రౌన్‌కి ఏరుకోవడమే పని. జట్టుకి అప్పట్లో 85 స్కాలర్‌షిప్‌లే, వాటిని నింపడానికి లబ్బాక్ ఏం చూపించి పిలవాలి? దుమ్మునా, పత్తినా? అందుకే లీచ్ మిగిలినవాళ్లలో వెతికేవాడు. వెస్ వెల్కర్ పొట్టివాడని పెద్ద కాలేజీలన్నీ వదిలేస్తే ఇక్కడ ఆఖరి నిమిషంలో చోటు దొరికింది. ఆ 2008కి అతను న్యూ ఇంగ్లాండ్ ప్రొఫెషనల్ జట్టులో పేరుమోసిన ఆటగాడు. క్రాబ్‌ట్రీ డల్లాస్‌లో హైస్కూల్ క్వార్టర్‌బ్యాక్, ఇక్కడికొచ్చాకే రిసీవర్ అయ్యాడు. మా జట్టులో ఎరిక్ మోరిస్ ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు, మా పక్కూరు షాలోవాటర్ కుర్రాడు.

"మేం వేసే పత్తి డల్లాస్ అవతల వేసేది కాదు" అన్నాడు పెద్దాయన. "మాకు కాలం తక్కువ. వాన తక్కువ. గాలి ఎక్కువ. పొడుగు చెట్టు, పెద్ద కాయ పెట్టే విత్తనం ఇక్కడ వేస్తే మంచు పడేలోపు పగలదు. అందుకని పొట్టి చెట్టు, తొందరగా పగిలే కాయ, గాలికి దూది రాలకుండా గట్టిగా పట్టుకునే కాయ చూసుకుంటాం. లీచ్ చేసేదీ అదే. అందులో నాకు గొడవ లేదు. కానీ చెట్టు పొట్టిదైనా వేరు కావాలి కదా అబ్బాయ్. వేరంటే డిఫెన్స్ లైన్. మూడొందల పౌండ్ల మనుషులు నలుగురు కావాలి. వాళ్లు మిగిలినవాళ్లలో దొరకరు. నార్మన్‌లో తెలుస్తుంది చూడు."

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. 1998లో పురుగు వరంగల్ జిల్లా పత్తిని తినేసిన ఏడు, ఎనుమాముల మార్కెట్ నుంచి ఖాళీ బండితో తిరిగొచ్చి ఆయన కూడా విత్తనం గురించి ఇలాగే, గొంతు పెంచకుండా, లెక్కపెట్టినట్టు మాట్లాడాడు. ఆ సంగతి పెద్దాయనకి చెప్పాను. ఆ రాత్రి ఫుట్‌బాల్ కానిది ఏదైనా మాట్లాడామంటే అదొక్కటే. ఆయన ఏమీ అనలేదు. తన పాన్‌కేక్ సగం కోసి నా ప్లేట్లో పెట్టాడు.

మూడు దాటాక ఇంటికి నడిచాం. చలి. క్యాంపస్‌లో ఇంకా కుర్రాళ్లు తిరుగుతూనే ఉన్నారు. గదిలో మిగతా ఇద్దరు రూమ్మేట్లు ల్యాప్‌టాప్ ముందు ఉన్నారు, ఢిల్లీ టెస్ట్ ఐదో రోజు. ఆ టెస్టులోనే మన లక్ష్మణ్ డబుల్ సెంచరీ కొట్టాడు. పడుకుని లేచేసరికి కుంబ్లే రిటైరయ్యాడన్న వార్త. ఒక్క ఆదివారం పొద్దున ఇంత ఆనందం, ఇంత దిగులు ఎలా పట్టాలో తెలియక తెనాలి అన్న స్టవ్ మీద ఉప్మా కలుపుతూ చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు.

తర్వాతి వారం ఓక్లహోమా స్టేట్‌ని 56-20తో కొట్టాం. పదికి పది. నవంబర్ 22న నార్మన్‌లో ఓక్లహోమా మమ్మల్ని 65-21తో మట్టి కరిపించింది. టెక్, టెక్సాస్, ఓక్లహోమా మూడూ సమానంగా నిలిస్తే ర్యాంకింగ్ లెక్కల్లో ఓక్లహోమా ముందుకెళ్లింది. సోమవారం డైనింగ్ హాల్‌కి పెద్దాయన వచ్చాడు. "చెప్పానా" అనలేదు. అననందుకు ఆయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. 2009 డిసెంబర్ 30న లీచ్‌ని తీసేశారు. నేను అప్పటికి హ్యూస్టన్‌లో ఉద్యోగంలో ఉన్నాను.

2022 డిసెంబర్ 12న లీచ్ పోయాడు. అరవై ఒక్కేళ్లు. అప్పటికి మిసిసిపీ స్టేట్ కోచ్. వార్త చూసి తెనాలి అన్నకి ఫోన్ చేశాను, ఇద్దరం కాసేపు ఏం మాట్లాడుకోవాలో తెలియక ఉండిపోయాం. తర్వాత పెద్దమ్మకి చేశాను. ఆవిడ రిటైరై అన్నయ్య ఇంటికి దగ్గర్లోనే ఉంటోంది. వెక్కిళ్ల మధ్య మాట్లాడింది. ఉండు, ఆయనా ఇక్కడే ఉన్నాడంటూ ఫోన్ ఇచ్చింది. పెద్దాయనకి ఎనభై దాటాయి, గొంతు సన్నబడింది.

"మంచి మనిషి" అన్నాడు. కాసేపాగి, "తన్నాల్సింది" అన్నాడు.

"విసరడమే కరెక్ట్ సార్" అన్నాను.

"మీ అన్న రాసిన రుమాలు ఇంకా బైబిల్లో ఉంది" అన్నాడు. తర్వాత, మా వరంగల్‌లో ఈ ఏడు పత్తి ధర ఎంత పలుకుతోందని అడిగాడు.